కొత్తిండ్ల ఓట్లు

అమ్మ పోయాక ఇంటి ముందు పెట్టిన ఆదరణ కూడికకు ఓబులేసు మామ వస్తాడని మేమెవరమూ అనుకోలేదు. నాయనతో చెడినప్పటి నుంచి ఆయన మా గడప తొక్కలేదు. నాయనను మట్టి చేసిన రోజున కూడా సమాధుల దొడ్డిలోకి రాకుండా రోడ్డుకు అవతల నిలబడి, అందరికంటే ముందే వెళ్ళిపోయాడని తమ్ముడు చెప్పాడు. అలాంటి మనిషి ఈసారి మనవరాలి భుజం పట్టుకుని, కాసేపు నడిచి కాసేపు ఆగి ఊపిరి తీసుకుంటూ వచ్చి, షామియానా కింద చివరి వరసలో కూర్చున్నాడు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ ఆయన రొమ్ములోంచి వచ్చే గురగుర శబ్దం ముందున్న నాకు వినబడుతూనే ఉంది. ఆ శబ్దం మా ఇంట్లో కొత్తది కాదు. నాయన చివరి సంవత్సరాల్లో మేం ఆ శబ్దం మధ్యనే అన్నాలు తిన్నాం, నిద్రపోయాం.

భోజనాలయ్యాక జనం పలచబడ్డారు. ఆయన చేయి ఊపి నన్ను పిలిచాడు. నేను ఉద్యోగం విరమించి ఇంట్లో కూర్చున్న మనిషిని. ఆయనకు మాత్రం ఇంకా పాపనే.

"పాపా, మీయమ్మ నాతో ఒక మాట దాపెట్టించింది. ఇప్పుడామె లేదు. నేను గూడా ఎక్కువ దినాలు ఉండను. నీకు చెప్పి పోతా" అన్నాడు.

ఆయన చెప్పింది రాయాలంటే ముందు ఆ రోజుల సంగతి చెప్పాలి. ఊరి పేరు మాత్రం రాయడం లేదు. మా తమ్ముడు, వాడి పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు.

మంగంపేట నుంచి లారీల్లో ముగ్గురాయి మా ఊరిదాకా వచ్చేది. ఊరి పక్కన, మేమంతా పెద్దాయన అనే యజమాని మిల్లుల్లో దాన్ని పిండి చేసి సంచులకెత్తేవాళ్ళు. ఎక్కడో సముద్రాల్లో చమురు కోసం బావులు తవ్వేవాళ్ళకు ఆ పిండి పోతుందని నాయన చెప్పేవాడు. మాకు మాత్రం అది ఇంటి మీద, చెట్ల మీద, ఆరేసిన బట్టల మీద, కుండ మీద మూత ఒక్క క్షణం మరిచిపోతే సంగటి మీద కూడా పడే తెల్లని దుమ్ము. మిల్లు పనివాళ్ళ కోసం కట్టిన మా వీధిని కొత్తిండ్లు అనేవాళ్ళు. కట్టి ఎన్నాళ్ళయినా ఆ పేరే మిగిలింది. సాయంత్రం మిల్లు దిగి వచ్చే మగవాళ్ళంతా ఒకే తీరుగా ఉండేవాళ్ళు. తల, మీసం, కనుబొమలు అన్నీ తెలుపు, నోరూ కళ్ళూ మాత్రమే మనుషులవి. మా తమ్ముడు చిన్నప్పుడు ఒకసారి వేరే వాళ్ళ నాయన కాళ్ళకు చుట్టుకుని, ఆయన నవ్వితే గొంతు గుర్తుపట్టి ఏడ్చాడు. నాయన వాకిట్లోనే చొక్కా విప్పేవాడు. అమ్మ దాన్ని గాలివాటం చూసి గోడ అవతల దులిపేది. స్నానమయ్యేదాకా మేం ఆయన దగ్గరికి పోకూడదు. స్నానమయ్యాక ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు. బెల్లం తింటే దుమ్ము కడుపులోకి జారిపోతుందని మిల్లులో అందరికీ ఒక నమ్మకం. ఆ తర్వాత సంగటి, నంజుకోవడానికి ఊరిబిండి, ఒక ఎర్రగడ్డ. నాకు ఇప్పటికీ బెల్లం వాసన వస్తే తడి తలతో అరుగు మీద కూర్చున్న నాయనే గుర్తొస్తాడు.

నాయన పేరు దావీదు. మిషను బడిలో ఎనిమిది దాకా చదివాడు కాబట్టి మిల్లులో సంఘం పెట్టినప్పుడు ఆయన్నే కార్యదర్శిని చేశారు. ఓబులేసు మామ ఆయనకు కుడిచేయి. నాయన గొంతు పెద్దది కాదు. అర్జీ రాయడం, లేబరాఫీసుకు పోయి మాట్లాడటం ఆయన పని. గేటు దగ్గర జనాన్ని కదిలించడం ఓబులేసు మామ పని. ఆయన ఒక్క కేక వేస్తే మిల్లు చప్పుడు మీదగా ఊరి చివరిదాకా వినబడేది. సంఘం మీటింగులు మా వాకిట్లోనే జరిగేవి. అమ్మ బెల్లం టీ కాచి లోటాల్లో పోసేది, ఓబులేసు మామ భార్య లక్ష్మత్త వచ్చి అందించేది. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ తలుపు పక్కన కూర్చుని అన్నీ వినేవాళ్ళు. వాళ్ళను ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు.

ఒక వేసవిలో మిల్లు ఆగిపోయింది. ముక్కుకు కట్టుకునే గుడ్డలు, ఒళ్ళు కడుక్కోవడానికి సబ్బు, ఆదివారం సెలవు, అడిగింది అంతే. ఇళ్ళలో గింజలు నిండుకున్నా ఒక్క మనిషి కూడా లోపలికి పోలేదు. చివరికి పెద్దాయనే గేటు దగ్గరికి వచ్చి అన్నీ ఒప్పుకున్నాడు. కుర్రవాళ్ళు ఓబులేసు మామను భుజాల మీద ఎత్తుకుని వీధంతా తిప్పారు. నాయన ఆ రోజు మా కోసం మైసూర్‌పాకు తెచ్చాడు. "పెద్దాయన ముఖం ఎట్లుండె?" అని అమ్మ అడిగింది. "నవ్వుతానే ఒప్పుకున్నాడు" అన్నాడు నాయన. అమ్మ పొట్లం విప్పడం ఆపింది. "ఓడిపోయినోళ్ళు నవ్వరు" అంది. నాయన ఆ మాట పట్టించుకోలేదు.

పెద్దాయన గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. కొత్తిండ్లలో బోరు ఆయన వేయించిందే. చర్చికి రేకులు ఆయన ఇచ్చినవే. ఎవరికైనా కాన్పు కష్టమైతే కడపకు పోవడానికి ఊళ్ళో ఉన్నది ఆయన జీపు ఒక్కటే, అది సమ్మె రోజుల్లో కూడా అడిగినవాళ్ళకు కాదనకుండా వచ్చింది. పోలీసులు ఎవరినైనా పట్టుకుపోతే ఆయన మనిషి పోయి కూర్చుంటే తప్ప వదిలేవాళ్ళు కాదు. ఏటికి అవతలి ఊళ్ళో ఇంకో పెద్దమనిషి ఉండేవాడు. ఆ రెండిళ్ళకూ తాతల నాటి పగ. ఏటవతలివాళ్ళ మాట ఎత్తితే మా వీధిలో పిల్లలు కూడా గొంతు తగ్గించేవాళ్ళు.

ఆ మరుసటి ఏడు ఎలక్షన్లు వచ్చాయి. పెద్దాయన నిలబడ్డాడు, ఏటవతలాయన నిలబడ్డాడు, సంఘం తరఫున కడప నుంచి ఒక వకీలు నిలబడ్డాడు. వకీలు మంచివాడు, నిదానస్తుడు. మా ఇంట్లో చాప మీద కూర్చుని సంగటి తిన్నాడు. పెద్దాయన మిల్లు గేటు ముందే సభ పెట్టి, దాచుకోకుండా చెప్పాడు. "నేను గెలిచినాక ఈ తట్టు ఏ మిల్లు కాడా సంఘం జెండా ఉండదు. పని చేసేటోళ్ళు పని చేస్తారు, అంతే." నేను అక్కడే ఉన్నాను. మా వీధివాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక ఆ మాట అంటే నాయన నవ్వాడు. "మొగమాటానికి కొట్టినార్లే పాపా. గేటు కాడ మన చేతులు ఆయన చూస్తాడు. పెట్టె కాడ ఎవురు చూస్తారు? మనోళ్ళు మనకే ఏస్తారు" అన్నాడు. ఆ నమ్మకంలో సందేహానికి సందే లేదు. జీవితమంతా పక్కపక్కన నిలబడి సంచులెత్తిన మనుషుల మీద ఆయనకు అనుమానం ఎందుకు రావాలి?

ఆ నెలలో వీధి తీరు మారింది. బడికి పోయే దారిలో ఒక కల్వర్టు ఉండేది. దాని మీద పెద్దాయన ఇంటి మనిషి సుంకన్న పొద్దున్నా సాయంత్రం వచ్చి కూర్చునేవాడు. పని లేదు, ఎవరితో మాటా లేదు. తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేపోయేవాళ్ళను చూసేవాడు. ఆయన కూర్చుంటే ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని అటు రాకుండా చుట్టుదారిన పోయేవాళ్ళు. ఒక సాయంత్రం ఆయన నన్ను పిలిచాడు. గొంతు మెత్తగానే ఉంది.

"దావీదు కూతురివి గదా పాపా? మీ నాయన మిల్లు నుంచి ఏ దావన వస్తాడు? చెరువు కట్ట మీదనా, రైలు గేటు మీదనా?"

"తెలీదు" అన్నాను. ఆయన తల ఊపి, "పో పాపా, బాగా చదువుకో" అన్నాడు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ సంగటి కెలుకుతోంది. కట్టె ఆగింది.

"నువ్వేం చెప్పినావు?"

"తెలీదన్నా."

"ఇంగెవురికీ చెప్పాకు. మీ నాయనకు గూడా."

ఆ రోజు సంగటి అడుగంటింది. నాయన మాడువాసన కూడా గమనించకుండా, వకీలు గురించి మాట్లాడుతూ తినేశాడు. అమ్మ ఆయన్నే చూస్తూ కూర్చుంది. తను తిన్నట్టు నాకు గుర్తు లేదు.

మరునాటి నుంచి అమ్మ ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టింది. అంతకుముందు బోరుకూ చర్చికీ తప్ప గడప దాటని మనిషి. ఇప్పుడు వంట ముగించి, కొంగు బిగించి, మొదట లక్ష్మత్త ఇంటికి, ఆ పైన వరసగా ఒక్కో ఇంటికి పోయేది. మగవాళ్ళు మిల్లులో ఉన్న వేళ చూసి పోయేది. నేను వెంట పోతే వాకిట్లో కూర్చోమనేది. లోపల మాటలు వినబడేంత గట్టిగా ఉండేవి కావు. నాయనకు ఆ సంగతి తెలిసి ఎంత సంబరపడ్డాడో చెప్పలేను. "చూడు, మీయమ్మ గూడా వకీలు కోసం తిరుగుతాండాది. ఇట్లాంటోళ్ళు పదిమంది ఉంటే చాలు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. అమ్మ తల వంచుకుని టీ పోసింది.

ఓట్ల రోజున కొత్తిండ్లు మొత్తం బడి ముందు వరస కట్టింది. ఓబులేసు మామ నాయన చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి, చెప్పకుండా లోపలికి పోయాడు. లెక్కింపు కడపలో జరిగింది. మావైపు ఏజెంటుగా పోయినాయన సాయంత్రం బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. నీళ్ళు కూడా తాగలేదు.

"దావీదన్నా, పెద్దాయన గెలిచినాడు. అది సరే. కొత్తిండ్ల పెట్టె నా కండ్లముందరే ఇప్పినారు. మనకు ఏమీ రాలేదన్నా. వేళ్ళ మీద ఎంచచ్చు. అంతా ఆయనకే."

నాయన చాలాసేపు అరుగు మీద కూర్చున్నాడు. ఒక్కొక్క ఇంటినీ తలుపు నుంచి తలుపుకు చూసుకుంటూ పోయాడు. ఆ చూపు చూస్తే నాకు భయం వేసింది. తెలిసిన వీధిలో దారి తప్పినవాడి చూపు అది. కాసేపటికి టపాకాయలు, డప్పులు, జీపుల వరస వచ్చాయి. ముందు జీపు మా ఇంటి ముందు ఆగింది. పెద్దాయన దిగి, మెడలో దండలతోనే నాయనకు నమస్కారం పెట్టాడు.

"మీవాళ్ళంతా నాకే ఏసినారు దావీదూ. సంతోషం."

జీపు కదిలింది. వెనక జీపులో సుంకన్న ఉన్నాడు. మా ఇంటి వైపు తల కూడా తిప్పలేదు. తలుపు వెనక నిలబడి ఉన్న అమ్మ మెల్లగా గోడకు జారి నేల మీద కూర్చుంది. ఓడిపోయినందుకే అలా కూలబడిందని అనుకున్నాను.

ఎండలు తగ్గకముందే గేటు దగ్గర జెండా కట్టె లేకుండా పోయింది. మిల్లు పని కాంట్రాక్టుకు ఇచ్చారు. ముక్కు గుడ్డలు పోయాయి, ఆదివారం పోయింది. నాయనను రావద్దన్నారు. ఆ రోజు గేటు దగ్గర ఎవరూ ఆగలేదు. ఓబులేసు మామ కేక మళ్ళీ ఎవరూ వినలేదు. నాయన ఆ తర్వాత మామిడి తోటలకు కాపలా పోయాడు, గుంతలు తవ్వాడు, దొరికిన పనల్లా చేశాడు. చదువుకోమని నన్ను కర్నూలులో హాస్టలుకు పంపారు. నేను అక్కడే టీచరునై అక్కడే ఉండిపోయాను. సెలవులకు వచ్చినప్పుడల్లా నాయన ఒకటే ప్రశ్న తిరగేస్తూ ఉండేవాడు. "యాడ తప్పు చేసినాం పాపా? చీరకు అమ్ముడుపోయినారా, సారాయికి అమ్ముడుపోయినారా? ఓబులేసు గూడానా?" అమ్మ ఆయన ముందు అంబలి గిన్నె పెట్టేది. నాయన చాలాకాలం బతికాడు. ఆ దుమ్ము ఊపిరి తీసుకెళ్ళేదాకా బతికాడు. పోయేటప్పుడు కూడా ఆ మనుషుల మీద కోపంతోనే పోయాడు.

ఇదంతా అయిన ఇన్నేళ్ళకు, షామియానా విప్పుతున్న మధ్యాహ్నం, ఓబులేసు మామ ఆగి ఆగి చెప్పాడు.

"మీయమ్మ మా ఇంటికొచ్చి లక్ష్మి చేతులు పట్టుకున్యాది. సుంకన్న నిన్ను అడిగినాడంటనే, దావ సంగతి. మన వీధి ఓట్లు తప్పి పెద్దాయన ఓడిపోతే మీ నాయనను ఉంచరని ఆమెకు తెలిసిపాయె. 'మీ మొగోళ్ళకు చెప్పండి, ఆయనకే ఏయండి, నా మనిషిని నాకు ఉంచండి' అని ఇల్లిల్లూ అడుక్కున్యాది. మొదటి ఓటు ఆమెదే."

అమ్మ కొంగు బిగించి నడిచిన ఆ వీధి, వాకిట్లో కూర్చున్న నేను, టీ లోటాలు పట్టుకుని తల వంచుకున్న అమ్మ ముఖం, అన్నీ ఒక్కసారిగా వేరే అర్థంలోకి తిరిగాయి.

"అందరూ అందుకే ఏసినారా మామా?" అని అడిగాను.

ఆయన అబద్ధం చెప్పలేదు. "అందరూ అని ఎట్ల అంటా పాపా. కొందరు మీయమ్మ మొగం చూసి ఏసినారు. కొందరు ఏటవతలోళ్ళ భయానికి. వకీలు గెలిచేటోడు కాదు, మనం వకీలుకు ఏస్తే ఏటవతలాయన గెలుస్తాడు, గెలిస్తే ఊరి మీదికి వస్తారు అని. కొందరు బోరు నీళ్ళు తలుచుకున్యారు. మనూరాయన ఎమ్మెల్యే అయితాడని కొందరు. సంఘం గేటు కాడికే పాపా. గేటు దాటితే మాకు ఆయనే. అది మీ నాయనకు ఎక్కలేదు."

"నువ్వు?"

ఆయన మనవరాలు ఇచ్చిన నీళ్ళు రెండు గుక్కలు తాగాడు. "మీయమ్మ అడగకున్నా ఏస్తాంటినేమో. నాకే తెలీదు. ఆయన ఎమ్మెల్యే అయితే అయినాడు, గేటు కాడ మళ్ళా మనమే గెలుస్తాం అనుకుంటి. ఒకసారి గెలిచినాం గదా. జెండాకు, ఓటుకు సంబంధం ఉండాదని ఆ పొద్దు నాకు తోచలేదు."

"నాయనకు ఎందుకు చెప్పలేదు? నిన్ను అన్నేళ్ళు తిట్టినాడు కదా."

"చెప్తే ఊరకుంటాడా? జీపుకు ఎదురు పోతాడు. ఆయన సంగతి నీకు తెలీదా? తిట్టనీలే అనుకుంటి. తిట్టేకి మనిషి ఉండాడు గదా."

సుంకన్న నిజంగానే ఏదైనా చేసేవాడా, ఊరికే అడిగాడా అన్నది ఎవరికీ తెలియదు. ఆయన కూడా పోయి చాలాకాలమైంది. తెలుసుకునే దారి లేదు. నాయన ప్రాణం నిలిచిందా, లేక అసలు లేని ప్రమాదానికి భయపడి సంఘాన్ని వదులుకున్నారా అని ఓబులేసు మామ వెళ్ళిన తర్వాత చాలాసేపు ఆలోచించాను. అమ్మ కూడా జీవితమంతా అదే ఆలోచించి ఉంటుంది. నాయన "యాడ తప్పు చేసినాం" అన్న ప్రతిసారీ ఆమె ఒంటరిగా జవాబు మింగి ఉంటుంది.

మర్నాడు పొద్దున పెద్దాయన కొడుకు వచ్చాడు. ఇప్పుడు ఎలక్షన్లు దగ్గరపడ్డాయి, తండ్రి జాగాలో ఆయన నిలబడుతున్నాడు. తెల్లచొక్కా, మెత్తని మాట. అమ్మ ఫోటోకు దండ వేసి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. తమ్ముడి పిల్లలను పేరుపేరునా పలకరించాడు. పెద్దపిల్ల నర్సింగు సీటు ఎక్కడ ఆగిందో ఆయనకే ముందు తెలుసు. తమ్ముడు శామ్యూలు మంగంపేట గనిలో కాంట్రాక్టు కూలీ, అక్కడ మళ్ళీ పెట్టుకున్న సంఘంలో ముందుండేవాళ్ళలో ఒకడు. వాడి భుజం మీద చెయ్యి వేసి, "యూనియన్ పని ఎట్ల జరుగుతాందన్నా?" అని నవ్వాడు. తమ్ముడూ నవ్వాడు. ఆయన వెంట వచ్చిన కుర్రాడు వాకిట్లోనే నిలబడి, ఫోన్లో చూసుకుంటూ, "ఈ ఇంట్లో నాలుగోట్లు, పెద్దామెది పోయింది, మూడు" అన్నాడు. మామూలుగా, అమ్మకు చివరి వందనం చెప్పినంత మర్యాదగానే అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక తమ్ముడిని అడిగాను. "పోయిన వారం సభలో ఈయన ఏమన్నాడో పేపర్లో చూసినా. గని దగ్గర సంఘాలు ఉండనియ్యను అన్నాడు. మీరు ఎవరికి వేస్తారు?"

"ఆయనకేలే అక్కా" అన్నాడు, కుర్చీలు మడుస్తూ. "సంఘం పనికాడికి. ఎమ్మెల్యే ఊరికి. పాప సీటు, నీ మరదలు డ్వాక్రా లోను, రోడ్డు, అన్నీ ఆయన కాడ్నే ఉండాయి. ఇంగొకాయన వస్తే మమ్మల్ని గుర్తుపట్టేటోడు లేడు. గని కాడ ఆయనతో కొట్లాడేది మేం కొట్లాడతాం."

వాడి గొంతులో భయం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. అమ్మకు భయం తెలుసు. ఒక మనిషి పేరు, ఒక దారి, ఒక సాయంత్రం అని దాన్ని వేలు పెట్టి చూపగలిగేది. ఇప్పుడు కల్వర్టు మీద ఎవరూ కూర్చోవడం లేదు. కూర్చోవలసిన అవసరం లేదు. వీధి రోడ్డు సిమెంటు, ఇళ్ళకు రంగులు, ప్రతి ఇంట్లో ఫ్రిజ్జు. గని లారీల నుంచి లేచే దుమ్ము మాత్రం అదే తెలుపు. నేను ఓబులేసు మామ చెప్పిందంతా తమ్ముడికి చెప్పాను. అమ్మ సంగతి విన్నప్పుడు వాడు మడుస్తున్న కుర్చీ మీదే కూర్చుండిపోయాడు.

"అయితే అమ్మ చేసింది తప్పంటావా?" అన్నాడు చివరికి.

"తప్పనను."

"మరి నువ్వు కర్నూల్లో ఉంటావు. నీ పింఛను నీకొస్తాది, నిన్ను అడిగేటోడు లేడు. నువ్వు ఈడుంటే, ఈ ఇంట్లో ఉంటే, ఎవురికి ఏస్తావక్కా?"

నా దగ్గర జవాబు ఉంది. చెప్పడానికి నోరు తెరిచాను. అంతవరకూ వంటింట్లో గిన్నెలు కడుగుతున్న మరదలు రూతు తడిచేతులతోనే మేమున్న ముందుగదిలోకి వచ్చింది. మా ఇద్దరి వైపు చూడలేదు. గడపలో నిలబడి వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి చూసి, మిట్టమధ్యాహ్నం ఎండలో, వీధి తలుపు దగ్గరికి వేసి గడియ పెట్టింది.